పనోరమా చిత్రములలో తెలుపు నిర్ణయము

ఒక్క ఫోటోలో ఇమడని విశాలదృశ్యమును అనేక ముక్కలుగా తీసి, ఆ ముక్కలను వరుసగా అతికి ఒకే చిత్రముగా చేయుదురు. దీనిని పనోరమా యందురు. ‘సర్వము’, ‘దృశ్యము’ అను అర్థములుగల రెండు గ్రీకు మాటల కలయికచే ఈ పదమేర్పడినది. ఎడింబరో నగరమున చిత్రకారుడుగా నుండిన రాబర్టు బార్కరు, చూపరుల చుట్టును వలయాకారముగా నిలుచు పెద్ద చిత్రమునకు 1787వ సంవత్సరమున పేటెంటు పొందెను. 1793లో లండను నగరమందలి లీస్టరు స్క్వేరున అట్టి చిత్రముల ప్రదర్శనకొరకే యొక గుండ్రని భవనమును తెరచెను.

కుంచె పట్టిన చిత్రకారుడు తాను కలిపిన నీలిరంగునే ఆకాశపు ఈ చివరనుండి ఆ చివరవరకు పూయగలడు. కెమెరాతో ముక్కలు తీయువానికి ఆ సౌకర్యము సహజముగా లేదు. విడిచిపెట్టినచో ప్రతి ముక్కకును కెమెరా వేరువేరుగా రంగు కలుపుకొనును. అందుచేత కొమ్మలు కొమ్మలతోను, గోడలు గోడలతోను చక్కగా కలిసినను, ఆకాశము మాత్రము అతుకుల బొంతవలె కనబడును. మన విద్యార్థులు సెలవులలో తీసి తెచ్చు చిత్రములలో ఈ దోషము తఱచుగా కానవచ్చుచున్నది. అది ఎందుచేత కలుగునో, దానిని ఎట్లు నివారింపవలయునో ఈ పాఠమున వివరింతుము. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మఱియొకటి గలదు: చిత్రమున కనబడు రంగుల భేదములలో ఏది తీసివేయదగినది, ఏది నిలుపదగినది? దీనికిని సమాధానము చెప్ప యత్నింతుము.

1. వెలుగునకును రంగు గలదు

ఒక తెల్లకాగితమును మధ్యాహ్నపుటెండలో చూడుడు. పిదప చెట్టునీడలో చూడుడు. రాత్రి కొవ్వొత్తి వెలుగున మరల చూడుడు. మూడు చోట్లను అది తెల్లకాగితముగనే తోచును. నిజమునకు మూడు చోట్లను మన కంటిలో ప్రవేశించిన కాంతి ఒకటి కాదు. కొవ్వొత్తి వెలుగున ఎఱుపు, పసుపు పాళ్లు ఎక్కువ. నీడలో పడునది ముఖ్యముగా ఆకాశపు కాంతి గనుక అందు నీలము పాలు ఎక్కువ. కన్నును మెదడును కలిసి ఈ భేదమును సర్దుకొనుచున్నవి. కంటిలో మూడు విధములైన వర్ణగ్రాహకములు గలవనియు, ఒక్కొక్కటి తనకు తగిలిన కాంతిని బట్టి తన చుఱుకుదనమును విడివిడిగా తగ్గించుకొనుననియు జర్మను శరీరశాస్త్రజ్ఞుడు యోహానెస్ ఫాన్ క్రీస్ 1902లో ప్రతిపాదించెను. కెమెరాలలో వైట్ బ్యాలెన్స్ అనబడు తెలుపు నిర్ణయము ఇంచుమించు ఈ సూత్రముపైననే నడచుచున్నది.

వెలుగు రంగును కొలుచుటకు కెల్విన్ మానమును వాడుదురు. కమ్మరి కొలిమిలో కాలు ఇనుమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మొదట ఎఱ్ఱగాను, వేడి పెరిగినకొలది పసుపుపచ్చగాను, తుదకు తెల్లగాను వెలుగును. అంతకంటెను మిక్కిలి వేడియైన నక్షత్రములు నీలిఛాయతో ప్రకాశించును. కావున వస్తువుయొక్క వేడిని చెప్పినచో దాని వెలుగుయొక్క రంగును చెప్పినట్లగును. సెంటిగ్రేడు అంకెకు 273 కలిపినచో కెల్విన్ అంకె వచ్చును. ఈ మానమున కొవ్వొత్తి వెలుగు సుమారు 1,900. పాతకాలపు తీగబల్బు 2,700 మొదలు 2,800 వరకు. మధ్యాహ్నపుటెండ సుమారు 5,500. మబ్బుపట్టిన ఆకాశము సుమారు 6,500. నిర్మలాకాశము క్రింది నీడ 7,000 మొదలు 8,000 వరకు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు నుండును. చిన్న అంకె పసుపువెలుగు, పెద్ద అంకె నీలివెలుగు అని గుర్తుంచుకొనుడు.

ఇచ్చట విద్యార్థులు తఱచుగా తికమకపడుదురు. కంప్యూటరులో చిత్రమును సవరించునపుడు పెద్ద అంకె వేసినచో చిత్రము నీలముగా మారుటకు బదులు పసుపుగా మారును. కారణము సులభము. ‘ఆ వెలుగు నీలముగా నుండెను’ అని మనము చెప్పితిమి గనుక, ప్రోగ్రాము ఆ నీలమును తగ్గించుటకై పసుపును పెంచుచున్నది. మనము వేయు అంకె వెలుగును గూర్చిన సాక్ష్యము. తెరపై జరుగునది దానికి విరుగుడు.

2. కెమెరా ఏమి వ్రాసికొనును

కెమెరాలోని సెన్సరుపై లక్షలకొలది సూక్ష్మమైన గళ్లుండును. గడి తనపై పడిన కాంతి ఎంతయో లెక్కించునుగాని దాని రంగు నెఱుగదు. అందుచేత ప్రతి గడిపైన ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూటిలో ఏదో యొక రంగు వడపోతను అమర్చుదురు. నాలుగు గళ్ల చదరమున రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎఱుపు, ఒకటి నీలము. కోడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయరు ఈ అమరికను కల్పించెను. దానికి 1976లో పేటెంటు లభించినది. నేటి కెమెరాలలోను ఫోనులలోను అధికభాగము ఈ పద్ధతినే అనుసరించుచున్నవి.

ఈ గళ్ల లెక్కను ఏమియు మార్చక అట్లే దాచిన ఫైలును ‘రా’ ఫైలు అందురు. ఆంగ్లమున ఆ మాటకు పచ్చిది, వండనిది అని యర్థము. అందు ప్రతి గడి లెక్కయు సాధారణముగా 12 లేక 14 బిట్లతో వ్రాయబడును. అనగా నలుపునుండి తెలుపువరకు 4,096 లేక 16,384 మెట్లు. జేపెగ్ ఫైలు వండిన వంటకము. అందు ఒక్కొక్క రంగునకు 8 బిట్లే, అనగా 256 మెట్లే యుండును. తెలుపు నిర్ణయము అంతకుముందే జరిగి అంకెలలో కలిసిపోయి యుండును. పులుసులో కలిసిన ఉప్పును మరల ఏరి తీయగలమా? కొంత నీరుపోసి రుచిని సవరింపగలమేమోగాని, ఉప్పు వేయకముందున్న పులుసు తిరిగి రాదు.

రా ఫైలునందు తెలుపు నిర్ణయము సీసాపై అంటించిన చీటివంటిది. తీసినప్పుడు కెమెరా ఏమి యనుకొన్నదో ఆ చీటిపై వ్రాసియుండును. చీటిని చించి మఱియొకటి అంటించినను సీసాలోని పదార్థము మారదు. ఈ కారణముచేతనే పనోరమా ముక్కలను రా ఫైలులుగా తీయుమని చెప్పుచున్నాము. అడోబి సంస్థ 2004లో డీఎన్‌జీ అను బహిరంగమైన రా పద్ధతిని ప్రకటించినది. నేడు అనేక ఫోనులుకూడ ఆ రూపమున చిత్రములను దాచగలుగుచున్నవి.

3. ఒక చిన్న లెక్క

సెన్సరు వెల్లవేసిన గోడను చూచినదనుకొందము. గళ్ల లెక్కలు ఇట్లున్నవి: ఎఱుపు 1,000, ఆకుపచ్చ 2,000, నీలము 1,250. గోడ తెల్లనిదైనను మూడంకెలు సమానముగా లేవు. వెలుగు రంగును, వడపోతల గుణమును కలిసి ఇట్లు చేసినవి. తెలుపు అనగా మూడును సమానముగా నుండుట. కావున ఆకుపచ్చను అట్లే యుంచి, ఎఱుపును 2తోను, నీలమును 1.6తోను హెచ్చవేయుదుము. మూడును 2,000 అగును, గోడ తెల్లనగును. తెలుపు నిర్ణయమనగా సారాంశమున ఈ రెండు గుణకములే.

ఇప్పుడు అదే గోడ రెండవ ముక్కలోను పడినది. వెలుగు మారలేదు. గళ్ల లెక్కలు మరల 1,000, 2,000, 1,250 గానే యున్నవి. కాని కెమెరా ఆ ముక్కకు ఎఱుపును 1.8తోను, నీలమును 1.9తోను హెచ్చవేయ నిశ్చయించినది. ఫలితము ఎఱుపు 1,800, ఆకుపచ్చ 2,000, నీలము 2,375. మొదటి ముక్కలో తెల్లనైన గోడ రెండవ ముక్కలో నీలిగోడ యైనది. గోడ మారలేదు, ఎండ మారలేదు, సెన్సరు లెక్కయు మారలేదు. మారినది గుణకములు మాత్రమే. రెండు రా ఫైలులకును ఒకే గుణకములను ఇచ్చిన క్షణమున ఈ భేదము పూర్తిగా పోవును, మచ్చయైనను మిగులదు.

కెమెరా ఎందుకిట్లు మనస్సు మార్చుకొనును? స్వయంచాలక నిర్ణయమునకు ఆధారమైన పాత ఊహ యొకటి గలదు: దృశ్యమందలి రంగులన్నిటి సగటు బూడిదరంగు కావలెనని. ముక్కనిండ పచ్చని ఆకులున్నచో సగటు ఆకుపచ్చగా వచ్చును. వెలుగే పచ్చగా నున్నదని భ్రమపడి కెమెరా దానికి విరుగుడుగా గులాబిఛాయను కలుపును. ప్రక్క ముక్కనిండ ఎఱ్ఱ ఇటుకగోడ యున్నచో నీలిఛాయను కలుపును. నేటి కెమెరాలు ఇంతకంటె తెలివిగా ఊహించుచున్నను, ఏ ముక్కకు ఆ ముక్కను విడిగా చూచి తీర్పు చెప్పునంతకాలము ఈ చిక్కు తప్పదు. తీర్పు ఒక్కొక్కటిగా చూచిన తప్పు కాకపోవచ్చును. ప్రక్కప్రక్కల పెట్టినప్పుడే పొత్తు కుదరదు.

4. అతుకును దాచుట వేరు, సరిచేయుట వేరు

‘అతుకు ప్రోగ్రాములు రంగుల భేదమును వానియంతట అవే కలిపివేయును గదా, మనకీ శ్రమ యెందుకు?’ అని విద్యార్థులు అడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనది. 1983లో పీటరు బర్ట్, ఎడ్వర్డ్ ఆడెల్సన్ అను పరిశోధకులు రెండు చిత్రములను కనబడని అతుకుతో కలుపు విధానమును ప్రకటించిరి. చిత్రమందలి సూక్ష్మవివరములను సన్నని పట్టీలోను, విశాలమైన ఛాయలను వెడల్పైన పట్టీలోను విడివిడిగా కలుపుట దాని కిటుకు. ఉచితముగా లభించు హ్యుగిన్ ప్రోగ్రాముతో కలిసి పనిచేయు ఎన్‌బ్లెండ్ అను సాధనము ఈ విధానమునే వాడుచున్నది.

ఈ విధానము మిక్కిలి ఉపయోగకరమైనది. కాని అది చేయునదేమో యోచింపుడు. ఎడమ ముక్క తెలుపు, కుడి ముక్క నీలము అయినచో, నడుమనున్న మెట్టును తీసి దాని స్థానమున వాలును నిర్మించును. మెట్టు కనబడదు. కాని ఎడమ కొసన తెలుపును, కుడి కొసన నీలమును అట్లే యుండును. చూచువాడు గోడయే క్రమముగా నీలమైనదని తలంచును. అనగా యంత్రముయొక్క పొరపాటు దృశ్యముయొక్క లక్షణముగా వేషము వేసికొన్నది.

ఇందుండి మన పాఠమునకు ముఖ్యమైన సూత్రము వచ్చుచున్నది. క్రమముగా మారు రంగు దృశ్యమునకు చెందినది కావచ్చును. అతుకువద్ద హఠాత్తుగా మారు రంగు కెమెరాకు చెందినది. ఏలయన ప్రకృతిలో వెలుగు మన ముక్కల అంచులను ఎఱుగదు. సాయంకాలమున రాజమహేంద్రవరపు గోదావరి గట్టున పడమటిదెసకు నిలిచినవారు దీనిని చూడవచ్చును. సూర్యుడు దిగుచోట నీరు బంగారువన్నెతో నుండును. ఇరుప్రక్కలకును పోయినకొలది ఆ వన్నె పలుచబడి బూడిదనీలము లోనికి దిగును. ఈ మార్పు నదికి చెందినది. దానిని మనము కాపాడవలెను. ముక్కముక్కకు వేరు గుణకములు వేసినచో సూర్యుడున్న ముక్కలోని బంగారువన్నెను కెమెరా దోషముగా నెంచి తగ్గించును, నీలి ముక్కను వెచ్చపరచును. అప్పుడు పనోరమాలో మిగులునది సాయంకాలము కాదు, రంగు తెలియని వేళ.

అందుచేత కలిపివేయు సాధనమును కడపటి మెరుగునకు వాడవలెనుగాని, తెలుపు నిర్ణయమునకు బదులుగా వాడరాదు. ముందు సరిచేయుట, పిదప అతుకుట, అటుపిమ్మట మెరుగు. ఈ వరుస తప్పరాదు.

5. ఒక పాత భవనపు చిత్రము

ఇది కేవలము అందమునకు సంబంధించిన మాట కాదని తెలుపుటకు మా పాఠశాలలో జరిగిన యొక విషయమును చెప్పుదుము. శిథిలమైన యొక పాత తరగతి భవనమును కూల్చుటకు ముందు, పై తరగతి విద్యార్థులు దానిని ఏడు ముక్కలుగా ఫోటో తీసిరి. ఎండపడు ముంగిలి ఒక కొసను, నీడగానున్న పొడవైన వసారా రెండవ కొసను ఉండెను. కెమెరా ప్రతి ముక్కను జేపెగ్ గాను, రా గాను రెండు విధములను దాచినది. బాలురు త్వరపడి జేపెగ్ ముక్కలను అతికిరి. అతుకులు కనబడలేదు, అందఱును సంతోషించిరి.

ఆ భవనమున చదువుకొన్న యొక వృద్ధుడు చిత్రమును చూచి, ‘వసారాకు వేసిన వెల్లలో నీలిమందు ఇంత ఎక్కువ కలిపినవారెవరు? ముంగిలికొక వెల్ల, వసారాకొక వెల్ల మేమెన్నడును ఎఱుగము’ అనెను. వెల్లలో నీలిమందు కలుపు వాడుక మన దేశమున గలదు గనుక ఆయన ప్రశ్న సహజమే. అప్పటికి భవనము కూలిపోయినది. పోయి చూచి వచ్చుటకు గోడ లేదు. ముందుతరములవారికి ఆ చిత్రమే సాక్షి. సాక్షి చెప్పినది నమ్మి, ఈ భవనము రెండు కాలములలో రెండు విధములుగా వెల్లవేయబడినదని యెవరైన వ్రాసినచో, కాదనుటకు ఆధారమేది?

రా ఫైలులున్నవి గనుక ఆధారము మిగిలినది. విద్యార్థులు మూడవ ముక్కలోని ఎండపడిన గోడను ప్రమాణముగా తీసికొని, దాని నుండి వచ్చిన నిర్ణయమును ఏడు ముక్కలకును ఇచ్చి మరల అతికిరి. ముంగిలి తెల్లగా వచ్చినది. వసారా కొంచెము నీలిఛాయతోనే యుండెను. లోనికి పోయినకొలది ఆ ఛాయ మెల్లగా చిక్కనైనది. ఎచ్చటను మెట్టు లేదు. ఇది నీడయొక్క నీలము, వెల్లయొక్క నీలము కాదు. వృద్ధుడు దీనిని చూచి, ‘ఇదియే మా వసారా. వేసవిలో అక్కడ ఇట్లే చల్లగా నుండెడిది’ అనెను. వసారాను సంపూర్ణముగా తెలుపు చేయుమని ఆయన కోరలేదు. నీడను నీడగా చూపుటయే ఆయనకు తృప్తి నిచ్చినది.

6. చేయదగిన విధము

ఇక పనిని వరుసగా చెప్పుదుము. విద్యార్థులు దీనిని నోటుపుస్తకమున వ్రాసికొనవచ్చును.

మొదటిది. కెమెరాను రా దాచునట్లు అమర్చుడు. తెలుపు నిర్ణయమును స్వయంచాలకముగా విడువక, ఎండగుర్తుకో, ఒక కెల్విన్ అంకెకో కట్టివేయుడు. రా ఫైలులో ఇది చీటి మాత్రమే యైనను, అన్ని సీసాలపై ఒకే చీటి యుండుట పనిని తేలికపరచును; తెరపై చూచుకొనుటకును వీలగును.

రెండవది. ఎక్స్‌పోజరును, ఫోకసును కూడ కదలనీయకుడు. తెలుపు నిర్ణయమువలె ఎక్స్‌పోజరు చీటి కాదు. అది సెన్సరుపై నిజముగా పడిన కాంతి. మేఘము గళ్లనిండ పొర్లిపోయి లెక్క పై హద్దు చేరినచో, అచ్చట మూడు రంగుల నిష్పత్తి నశించును. పిదప ఏ గుణకమును దానిని తిరిగి తేలేదు. కావున దృశ్యమంతటిలో మిక్కిలి ప్రకాశముగల ముక్కను చూచి, అది పొర్లకుండునట్లు కొలత పెట్టుకొనుడు.

మూడవది. ప్రతి ముక్కయు ప్రక్కముక్కపై నాలుగవవంతు మొదలు మూడవవంతు వరకు పడునట్లు తీయుడు. ఉదయ సాయంకాలములయందు వెలుగు నిమిషనిమిషమునకు మారును గనుక ఆలస్యము చేయక వరుసగా ముగింపుడు.

నాలుగవది. వరుస ముగిసిన వెంటనే ఒక బూడిదరంగు అట్టను ముఖ్యమైన వస్తువుపై పడు వెలుగులోనే నిలిపి, అదనముగా ఒక ఫోటో తీయుడు. అట్టను నీడలో పెట్టి ఎండదృశ్యమును కొలువకుడు. ఈ ఫోటో అతుకుటకు కాదు, కొలుచుటకు.

ఐదవది. కంప్యూటరులో అట్ట ఫోటోపై రంగు కొలుచు సాధనమును ఉంచి నొక్కుడు. రెండంకెలు వచ్చును: ఒకటి కెల్విన్ అంకె, రెండవది ఆకుపచ్చ గులాబిఛాయల నడుమ తూకము చెప్పునది. రెంటిని తప్పక అన్ని ముక్కలకును కాపీ చేయుడు. ఇచ్చట ఒక గోతిని చూపవలెను. ముక్కలన్నిటిని ఎన్నుకొని ‘ఆటో’ అను మీటను నొక్కినచో అన్నిటికి ఒకే నిర్ణయము కలుగునని కొందఱు తలంతురు. అట్లు కాదు. ప్రతి ముక్కకును దాని ఆటో దానికి వేరుగా వచ్చును. ఒకే ఆజ్ఞ ఇచ్చుట వేరు, ఒకే అంకె ఇచ్చుట వేరు.

ఆఱవది. ముక్కలను 16 బిట్ల టిఫ్ ఫైలులుగా, ఒకే వర్ణవ్యవస్థలో దాచి, హ్యుగిన్ లేక పీటీగుయి వంటి ప్రోగ్రాములో అతుకుడు. హ్యుగిన్, ముక్కలు ఒకదానిపై నొకటి పడినచోట రంగులను పోల్చి ఎఱుపు నీలము గుణకములను తానే కనుగొనగలదు. జేపెగ్ ముక్కలు మాత్రమే మిగిలిన పాతచిత్రములకు అది గొప్ప సహాయము. ముక్కలన్నియు ఒకే అంకెతో తయారైనపుడు ఆ సవరణను ఆపియుంచుడు. లైట్‌రూమ్ ప్రోగ్రాము 2015 నుండి రా ముక్కలను నేరుగా అతికి డీఎన్‌జీ రూపమున నిచ్చుచున్నది. అట్టి చిత్రమున తెలుపు నిర్ణయమును అతికిన పిదపకూడ మొత్తముపై ఒకేసారి మార్చుకొనవచ్చును.

ఏడవది. దృశ్యమున రెండు విధముల వెలుగున్నచో, అనగా గదిలో తీగబల్బును, కిటికీవద్ద పగటివెలుగును ఉన్నచో, ఒకే అంకె రెంటిని తెలుపు చేయలేదు. ఏది ముఖ్యమో ఎన్నుకొనుడు. రెండవదానిని కొంత సవరింపవలెనన్నను అతికిన పిదప, వస్తువును బట్టి సవరింపుడు. ముక్కను బట్టి సవరింపకుడు. కిటికీకి ఒక అంచు కలదు, బల్బు వెలుగునకు ఒక అంచు కలదు. మన ముక్కల అంచులు ఆ రెంటిలో దేనికిని సంబంధించినవి కావు.

7. కుజగ్రహమున తెలుపు

మన ఊరి గోడను గూర్చి పాతవారిని అడుగవచ్చును. ఎవరును పోయి చూడని చోట తెలుపును ఎట్లు నిర్ణయింతురు? వైకింగ్ 1 నౌక 1976 జులై 20న కుజగ్రహముపై దిగినది. మఱునాడు వచ్చిన మొదటి రంగుచిత్రమున తొలుత ఆకాశము నీలముగా చూపబడినది. రంగుల తూకమును సరిచూచిన పిమ్మట అచ్చటి ఆకాశము గులాబి కలిసిన పసుపుఛాయ గలదని తేలినది. గాలిలో తేలు ధూళి దీనికి కారణము. ఆకాశము నీలముగా నుండుననునది మన భూమి అలవాటు. కుజునికి ఆ నిర్బంధము లేదు.

2012 ఆగస్టులో అచ్చట దిగిన క్యూరియాసిటీ వాహనము తనతో రంగుబిళ్లలును బూడిదరంగు వలయములును గల యొక కొలతఫలకమును మోసికొని పోయినది. అది మన బూడిద అట్టయే. ఆ వాహనము 2012 సెప్టెంబరు 20న షార్ప్ అను కొండను అనేక ముక్కలుగా చిత్రించెను. ఆ ముక్కలను అతికిన పనోరమాను 2013లో నాసా రెండు విధముల రంగులతో ప్రకటించినది. ఒకటి కెమెరా చూచినట్లు, గోధుమవన్నె వెలుగుతో నున్నది. రెండవది భూమిమీది పగటివెలుగున ఆ రాళ్లు ఎట్లు కనబడునో అట్లు తెలుపు నిర్ణయించినది. ఇందు ఆకాశము మితిమించి నీలముగా కనబడునని నాసావారే తెలిపిరి. అయినను, భూమిపై రాళ్లను చూచి అలవాటుపడిన భూగర్భశాస్త్రజ్ఞులకు రాతిని పోల్చుకొనుటకు అది సహాయపడును.

ఈ రెంటిలో ఏది సత్యము? రెండును తమతమ పనికి తగినవే. ఏలయన ఏ కొలతతో తయారైనదో ప్రతిదానికిని పేరు పెట్టియున్నది, ఆ కొలత చిత్రమంతటికిని ఒకటిగా నున్నది. తెలుపును ఎన్నుకొనుటలో కొంత స్వేచ్ఛ గలదు. ఎన్నుకొన్న దానిని ముక్కముక్కకు మార్చుటలో స్వేచ్ఛ లేదు.

8. అభ్యాసము

(అ) సెన్సరు తెల్లకాగితమును ఎఱుపు 900, ఆకుపచ్చ 1,800, నీలము 1,200 గా లెక్కించినది. ఆకుపచ్చను మార్చక మిగిలిన రెంటి గుణకములను కనుగొనుడు. (జవాబు: ఎఱుపునకు 2, నీలమునకు 1.5.)

(ఆ) ఒకే స్థలమున నిలిచి ఐదు ముక్కలు రెండుమార్లు తీయుడు. ఒకమారు స్వయంచాలక తెలుపుతోను, ఒకమారు కట్టివేసిన అంకెతోను. రెంటిని జేపెగ్ గానే అతికి ఆకాశమును పోల్చుడు. పిదప మొదటి వరుస రా ఫైలులకు ఒకే అంకె ఇచ్చి అతుకుడు. అది ఏ చిత్రమునకు దగ్గరగా వచ్చినదో వ్రాయుడు.

(ఇ) మీ యింటి పాత ఫోటోలలో గోడ రంగును గూర్చి పెద్దలను అడిగి, ఫోటో చెప్పుదానికిని పెద్దలు చెప్పుదానికిని గల భేదమును వ్రాయుడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పెండ్లిపందిరియైనను, పడగొట్టబోవు పాతయిల్లైనను, పిల్లలచే పనోరమా తీయించినప్పుడు పూర్తియైన చిత్రముతోపాటు రా ముక్కలనుకూడ పారవేయక దాచియుంచుడు. ఏ అంకెతో తెలుపు నిర్ణయించిరో ఒక చీటిపై వ్రాసి వానితో నుంచుడు. చూచినవారు లేని కాలమున, ఆ గోడ ఏ రంగుదని మనుమలు అడిగినచో, జవాబు చెప్పునది ఆ ముక్కలును ఆ చీటియు మాత్రమే.